లోహ ముద్రణ: ఒకే భాగానికి నిలువున ఒక బలం, అడ్డాన ఒక బలం

కట్టెలు కొట్టేవారు గొడ్డలిని దుంగ నార వెంబడి వేస్తారు. నారకు అడ్డంగా వేస్తే ఎంత బలవంతుడికైనా చేతులు నొప్పి పుట్టడమే మిగులుతుంది. కృష్ణగిరి జిల్లా గ్రానైటు క్వారీలలోని రాతిపనివారు కూడా బండ ఏ వైపు సులువుగా చీలుతుందో చూసుకొన్న తరువాతనే మేకులు దిగగొడతారు. కర్రకు, రాతికి దిశను బట్టి బలం మారుతుందన్న సంగతి సరిహద్దు పల్లెలలో ఎవరికీ కొత్త కాదు. లోహం విషయంలో మాత్రం ఎటు లాగినా ఒకటే బలమని సామాన్యంగా భావిస్తారు. మామూలు పోత వస్తువుల వరకు ఈ భావన చాలామటుకు నిజమే.

అయితే గత 2, 3 దశాబ్దాలలో వ్యాప్తిలోకి వచ్చిన లోహ ముద్రణ పద్ధతిలో తయారయ్యే భాగాలకు ఈ మాట వర్తించదు. ఒకే లోహచూర్ణంతో, ఒకే యంత్రంపై, ఒకే కొలతలతో చేసిన రెండు భాగాలలో ఒకటి నిలబెట్టి, మరొకటి పడుకోబెట్టి ముద్రించినవైతే వాటి బలం వేరువేరుగా ఉండవచ్చు. నునుపుగా చెక్కి తుడిచిన తరువాత కంటికి ఆ రెండింటికీ తేడా కనబడదు. హోసూరు పరిసరాలలోని యంత్ర పరిశ్రమలలో పనిచేసేవారికి, ఆ పనిలో చేరదలచిన విద్యార్థులకు ఈ విషయం తెలిసి ఉండటం అవసరం.

లోహ ముద్రణ అంటే ఏమిటి?

లేత్, మిల్లింగ్ యంత్రాలపై ముద్ద లోహాన్ని చెక్కి, అక్కరలేనిది తీసివేయగా మిగిలినదే భాగం. లోహ ముద్రణలో పని దీనికి తలకిందులుగా సాగుతుంది. ఏమీ లేని చోట నుంచి పొర మీద పొర చేర్చుకుంటూ భాగాన్ని పెంచుతారు. అందుకే దీనిని సంకలన తయారీ అని, వాడుకలో త్రీడీ ప్రింటింగ్ అని అంటారు. ప్లాస్టిక్ వంటి జిగురు ద్రవాన్ని పొరలుగా గట్టిపరచే పద్ధతికి అమెరికాకు చెందిన చక్ హల్ 1986లో పేటెంటు పొందారు. లోహచూర్ణాన్ని లేజరుతో పూర్తిగా కరిగించే పద్ధతి 1990ల మధ్యలో జర్మనీలోని ఆకెన్ నగరంలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకుల చేతిలో రూపుదిద్దుకొంది.

నేడు పరిశ్రమలలో ఎక్కువగా కనిపించేది ఈ లేజరు పద్ధతే. యంత్రంలో ఒక దళసరి లోహపు ప్లేటు ఉంటుంది. దానిపై అతి సన్నని లోహచూర్ణాన్ని పలుచగా పరుస్తారు. ఆ పొర మందం సాధారణంగా 30 నుంచి 60 మైక్రాన్లు, అంటే దాదాపు తల వెంట్రుక మందమో, అంతకంటే తక్కువో. భాగం రూపం ప్రకారం లేజరు కిరణం ఆ పొడిపై గీతలు గీసినట్లు కదులుతుంది. కిరణం తాకిన చోట పొడి కరిగి, క్షణంలో గడ్డకడుతుంది. తరువాత ప్లేటు ఒక పొర మందం కిందికి దిగుతుంది, మళ్ళీ పొడి పరచుకొంటుంది, మళ్ళీ లేజరు కదులుతుంది. గాలిలోని ప్రాణవాయువు వేడి లోహాన్ని పాడుచేయకుండా లోపల ఆర్గాన్ వంటి జడవాయువు నింపుతారు.

30 మైక్రాన్ల పొరలతో 90 మిల్లీమీటర్ల ఎత్తు భాగం తయారు కావాలంటే 3,000 పొరలు కావాలి. అంటే ఆ భాగంలో ఒకదానిపై ఒకటి 3,000 అతుకులు ఉన్నట్లు లెక్క. బలం దిశను బట్టి మారడానికి మూలం ఇక్కడే ఉంది.

దిశలకు పేర్లు

ఈ రంగంలో దిశలను చెప్పడానికి అంతర్జాతీయంగా ఒక ఒప్పందం ఉంది. ఐఎస్ఓ, ఏఎస్టీఎం సంస్థలు ఉమ్మడిగా 2013లో వెలువరించిన 52921వ ప్రమాణం ప్రకారం యంత్రం ముందు భాగానికి సమాంతరమైన అడ్డు దిశ ఎక్స్, ప్లేటుపైనే దానికి లంబంగా లోపలికి పోయే దిశ వై, ప్లేటు నుంచి పైకి భాగం పెరిగే దిశ జడ్. ఈ జడ్ దిశనే నిర్మాణ దిశ అంటారు.

పరీక్ష కోసం చేసిన కడ్డీని ప్లేటుపై నిలబెట్టి ముద్రిస్తే అది జడ్ నమూనా. దానిని రెండు కొసల పట్టి లాగినపుడు లాగుడు పొరలకు అడ్డంగా పడుతుంది. ఒక పొరను మరో పొర నుంచి ఊడదీసే ప్రయత్నం అన్నమాట. అదే కడ్డీని పడుకోబెట్టి ముద్రిస్తే అది ఎక్స్ లేదా వై నమూనా. అప్పుడు లాగుడు పొరల వెంబడి పడుతుంది.

పాత ఇళ్ళ మట్టిగోడలను గుర్తుచేసుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. ఒక వరుస మట్టి కొంత ఆరిన తరువాతనే దానిపై మరో వరుస పెడతారు. కింది వరుస మరీ ఎండిపోయినా, దానిపై దుమ్ము పడినా పై వరుస సరిగా పట్టదు. అటువంటి గోడ ఎప్పుడైనా విచ్చితే ఆ రెండు వరుసల నడుమనే విచ్చుతుంది.

తేడా ఎందుకు వస్తుంది?

మొదటి కారణం అసంపూర్ణంగా కరగడం. లేజరు కిరణం పై పొరనే కాక, కింద గడ్డకట్టిన పొరలలో కొంత భాగాన్ని కూడా తిరిగి కరిగించాలి. అప్పుడే రెండూ ఏకమవుతాయి. లేజరు శక్తి చాలకపోయినా, కిరణం మరీ వేగంగా కదిలినా, గీతల మధ్య ఎడం ఎక్కువైనా, పొడి సమంగా పరచుకోకపోయినా అక్కడక్కడ రెండు పొరల నడుమ కరగని సందులు మిగిలిపోతాయి. ఈ సందులు గుండ్రంగా ఉండవు. రొట్టెలా చదునుగా, పొరల వెంబడి పరచుకొని, అంచులు పదునుగా ఉంటాయి. పొరల వెంబడి లాగినపుడు అటువంటి సందు పెద్దగా హాని చేయదు. పొరలకు అడ్డంగా లాగితే మాత్రం అది నోరు తెరుస్తుంది, దాని పదునైన అంచు దగ్గర బలమంతా కేంద్రీకృతమై పగులు మొదలవుతుంది. నిలువు నమూనాలు ఎక్కువగా సాగకుండానే తెగిపోవడానికి తరచు ఇదే కారణం.

రెండవ కారణం స్ఫటిక రేణువుల అమరిక. లోహమంతా కంటికి కనబడని స్ఫటిక రేణువుల సముదాయం. కరిగిన లోహం గడ్డకట్టేటపుడు వేడి ఎటు పోతుందో దానికి ఎదురుగా రేణువులు పెరుగుతాయి. ముద్రణలో వేడి ప్రధానంగా కిందికి, ప్లేటు వైపు పోతుంది. కాబట్టి రేణువులు పైకి పెరుగుతాయి. పైగా కొత్త పొరలోని రేణువు కింది పొరలోని రేణువు అమరికనే అందిపుచ్చుకొని కొనసాగుతుంది. ఈ విధంగా ఒక్కొక్క రేణువు అనేక పొరలను దాటి స్తంభంలాగా పొడవుగా పెరుగుతుంది. భాగాన్ని నిలువుగా కోసి సూక్ష్మదర్శినితో చూస్తే చెరకు తోటలో గడల వలె నిలువు చారలు కనిపిస్తాయి. అడ్డంగా కోసి చూస్తే ఆ గడల నరికిన మొదళ్ళు కనిపిస్తాయి. ఇటువంటి నిర్మాణం రెండు దిశలలో ఒకే తీరుగా ప్రవర్తించదు.

మూడవ కారణం అవశిష్ట ప్రతిబలం. కరిగిన లోహం సెకనుకు లక్షల డిగ్రీల వేగంతో చల్లబడుతుంది. పై పొర ముడుచుకోబోతే కింద గట్టిపడిన లోహం దానిని ముడుచుకోనివ్వదు. ఆ పెనుగులాట భాగం లోపల బిగువుగా నిలిచిపోతుంది. భాగం పొడవు, ఎత్తు, ప్లేటుకు అంటుకొన్న వైశాల్యం మారితే ఈ బిగువు కూడా మారుతుంది. అందుకే వేడి చికిత్స చేయకుండా ప్లేటు నుంచి కోసిన కొన్ని భాగాలు కోసిన వెంటనే పైకి వంగిపోతాయి.

నాలుగవది ఉపరితలం. ప్లేటుకు వాలుగా పెరిగే భాగం కింది ముఖానికి ఆధారం ఉండదు. దాని కింద వదులు పొడి మాత్రమే ఉంటుంది. ఆ ముఖం గరుకుగా తయారవుతుంది. సాధారణంగా ప్లేటుతో 45 డిగ్రీలకు తక్కువ కోణంలో వాలిన ముఖాల కింద ఆధార కమ్మీలు కట్టవలసి ఉంటుంది. ఆ కమ్మీలను విరిచి తీసిన చోట గాట్లు మిగులుతాయి. భాగాన్ని ఏ దిశలో నిలిపారన్న దానిని బట్టి ఏ ముఖం నునుపుగా వస్తుందో, ఏ ముఖం గరుకుగా వస్తుందో తేలుతుంది.

అంకెలు ఏం చెబుతున్నాయి?

అల్యూమినియంలో 10 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపిన మిశ్రమం ముద్రణలో విరివిగా వాడతారు. జర్మనీకి చెందిన ఈవోఎస్ అనే యంత్ర తయారీ సంస్థ ఈ మిశ్రమానికి ప్రకటించిన వివరాలలో, వేడి చికిత్సకు ముందు, తెగే బలం అడ్డాన, నిలువున రెండింటా దాదాపు 460 మెగాపాస్కళ్ళే. ఈ ఒక్క అంకె చూసినవారు తేడా ఏమీ లేదనుకొంటారు. అయితే శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం అడ్డాన సుమారు 270, నిలువున సుమారు 240 మెగాపాస్కళ్ళు. తెగేలోపు సాగుదల అడ్డాన సుమారు 9 శాతం, నిలువున సుమారు 6 శాతం.

దీనిని బరువులలోకి మార్చి చూడవచ్చు. 100 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల కడ్డీ పడుకోబెట్టి ముద్రించినదైతే సుమారు 2,750 కిలోల బరువు వరకు తన ఆకారం నిలుపుకొంటుంది. నిలబెట్టి ముద్రించినదైతే సుమారు 2,450 కిలోల దగ్గరే లొంగిపోతుంది. తేడా 3 క్వింటాళ్ళు. సాగుదల తగ్గడం అంతకంటే ముఖ్యమైనది. బాగా సాగే లోహం విరిగే ముందు వంగి హెచ్చరిస్తుంది. సాగని లోహం హెచ్చరిక లేకుండా విరుగుతుంది.

6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం గల టైటానియం మిశ్రమం కథ కొంత వేరు. విమాన భాగాలలో, తుంటి కీళ్ళ వంటి శరీర అమరికలలో దీనిని వాడతారు. ఇందులో కూడా గడ్డకట్టే దశలో స్తంభాకార రేణువులే ఏర్పడతాయి. అయితే ఇంకా చల్లబడేటపుడు ఆ స్తంభాల లోపల మరో నిర్మాణం, సన్నని సూదుల అల్లిక, పుడుతుంది. అందువల్ల బాగా ముద్రించి, సరైన చికిత్స చేసిన టైటానియంలో నిలువు, అడ్డం బలాలు దగ్గరగా వస్తాయి. ఈ మిశ్రమపు ముద్రణకు సంబంధించిన ఏఎస్టీఎం ఎఫ్2924 ప్రమాణం తెగే బలం కనీసం 895 మెగాపాస్కళ్ళు ఉండాలని ఎక్స్, వై, జడ్ మూడు దిశలకూ కోరుతుంది. బలహీన దిశకు మినహాయింపు ఇవ్వలేదు. తయారీదారు ఆ దిశలో కూడా నమూనా లాగి నిరూపించాలి.

నికెల్ మిశ్రమాలలో మరొక తమాషా ఉంది. సాధారణ నికెల్ మిశ్రమపు యంగ్ గుణకం, అంటే సాగకుండా బిగిసి నిలిచే గుణం, సుమారు 200 గిగాపాస్కళ్ళు. కానీ ఒకే స్ఫటికంగా పెంచిన నికెల్ మిశ్రమంలో ఘనం అంచు వెంబడి కొలిస్తే అది 130కి దగ్గరగా పడిపోతుంది. ముద్రణలో పైకి పెరిగే స్తంభాలు తరచు ఈ అంచు దిశనే పైకి పెట్టుకొని పెరుగుతాయి. కనుక చికిత్స చేయని నికెల్ భాగం నిలువు దిశలో కొంత మెత్తగా, ఎక్కువ సాగేదిగా ప్రవర్తించడం కద్దు. దోషాలు లేనపుడు నిలువు నమూనా అడ్డ నమూనా కంటే తక్కువ బలంతో, కానీ ఎక్కువ సాగుదలతో తెగడం ఈ మిశ్రమాలలో తరచు కనిపిస్తుంది.

నిలువు దిశ ప్రతిచోటా బలహీనం కాదు

నిలువు అంటే లోపం, అడ్డం అంటే గుణం అని కట్టుబడిపోవడం పొరపాటు. విమాన ఇంజనులోని బ్లేడ్లు గంటల తరబడి ఎర్రని వేడిలో తిరుగుతూ నెమ్మదిగా సాగుతాయి. దీనిని క్రీప్ అంటారు. ఆ వేడిలో తెగేది రేణువుల మధ్య సరిహద్దుల వెంబడి. లాగుడుకు అడ్డంగా ఉన్న సరిహద్దులు ఎంత తక్కువైతే బ్లేడు అంత కాలం మన్నుతుంది. అందుకే పోత బ్లేడులలో కూడా రేణువులను కావాలని పొడవునా పెంచుతారు. ముద్రించిన భాగంలో స్తంభాకార రేణువులు లాగుడు వెంబడి నిలిస్తే, చల్లని పరీక్షలో కొంత తక్కువ మార్కులు తెచ్చుకొన్న దిశయే వేడిలో మెరుగుగా నిలవగలదు. భాగం ఏ పని చేస్తుందన్నది తెలియకుండా మంచి దిశ ఏదో చెప్పడం సాధ్యం కాదు.

మాటిమాటికి పడే బరువు

ఒక్కసారి లాగి తెంపే పరీక్ష సగం కథే చెబుతుంది. మోటారు సైకిలు గతుకుల దారిలో పోతున్నపుడు దాని భాగాలపై చిన్న చిన్న కుదుపులు లక్షల సార్లు పడతాయి. ఒక్కొక్క కుదుపు భాగాన్ని విరిచేంత పెద్దది కాదు. అయినా ఎక్కడో ఒక చిన్న గాటు దగ్గర పగులు మొదలై, రోజురోజుకు పెరిగి, ఒకనాడు భాగం విరుగుతుంది. దీనిని లోహపు అలసట అంటారు.

ఈ విషయంలో దిశ ప్రభావం మరింత హెచ్చు. పొరల మధ్య చదును సందులు, గరుకు ఉపరితలం, ఆధార కమ్మీలు విరిచిన గాట్లు ఇవన్నీ పగులు పుట్టడానికి తయారుగా ఉన్న చోట్లు. నిలబెట్టి ముద్రించిన కడ్డీలో ఈ సందులు లాగుడుకు ఎదురుగా నిలుస్తాయి గనుక దాని అలసట ఆయువు సాధారణంగా తక్కువ. తెగే బలంలో రెండు నమూనాలూ సమానమైనా అలసటలో చాలా దూరంగా ఉండవచ్చు. ప్రాణాలు ఆధారపడిన భాగానికి తెగే బలం అంకె ఒక్కటే చూసి అనుమతి ఇవ్వడం ఇందుకే ప్రమాదకరం.

దిశను ఎలా ఎంచుకొంటారు?

ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉన్న బ్రాకెట్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక చేయి గోడకు బిగించి, రెండవ చేయిపై బరువు పెడితే ప్రతిబలం ఎక్కువగా పడేది లోపలి మూలలో. ఆ బ్రాకెట్‌ను పక్కకు పడుకోబెట్టి ముద్రిస్తే ప్రతి పొరలోనూ పూర్తి ఎల్ ఆకారం ఉంటుంది. మూల దగ్గర లాగుడు పొరల వెంబడి పోతుంది. ఒక చేయి ప్లేటుపై ఆనించి, రెండవ చేయి నిలబెట్టి ముద్రిస్తే, నిలిచిన చేయి మొదట్లోని లాగుడు సరిగ్గా పొరల అతుకులపై పడుతుంది.

ఒత్తిడి నిండిన గుండ్రని పాత్రల సంగతి ఇంకా ఆసక్తికరం. పాత్ర గోడలో చుట్టూరా పడే లాగుడు, పొడవునా పడే లాగుడుకు రెట్టింపు ఉంటుంది. బాగా పండిన దోసపండు తరచు పొడవునా పగలడంలో ఉన్న రహస్యం ఇదే. చుట్టూరా లాగే బలం ఎక్కువ కనుక చీలిక పొడవునా వస్తుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 2 మిల్లీమీటర్ల మందం గల గొట్టంలో 4 మెగాపాస్కళ్ళ ఒత్తిడి ఉందనుకొంటే చుట్టూరా 100, పొడవునా 50 మెగాపాస్కళ్ళ లాగుడు పడుతుంది. ఆ గొట్టాన్ని ప్లేటుపై నిలువుగా ముద్రిస్తే పెద్ద లాగుడు పొరల వెంబడి, చిన్న లాగుడు పొరలకు అడ్డంగా పడతాయి. పడుకోబెట్టి ముద్రిస్తే గొట్టం రెండు పక్కల పెద్ద లాగుడు నేరుగా అతుకులపైనే పడుతుంది. అంతేకాక గొట్టం లోపలి కప్పుకు ఆధార కమ్మీలు కూడా కావలసి వస్తాయి.

అయితే బలం ఒక్కటే చూసి దిశ నిర్ణయించడం ఆచరణలో కుదరదు. ఎత్తు పెరిగితే పొరలు పెరుగుతాయి, యంత్రం ఎక్కువ గంటలు నడవాలి. నిలబెడితే మాత్రం ఒకే ప్లేటుపై ఎక్కువ భాగాలు పడతాయి, ఆధార కమ్మీలూ తగ్గవచ్చు. గిరాకీ పెరిగినపుడు, గడువు దగ్గరపడినపుడు దిశ మార్చి నాలుగు భాగాలు ఎక్కువ పట్టించాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. పొడి మారలేదు, యంత్రం మారలేదు, కొలతలు మారలేదు కాబట్టి ఏమీ మారలేదని అనిపిస్తుంది. నిజానికి దిశ మారితే అది వేరే భాగం కిందనే లెక్క. పరీక్షలు మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

తేడా తగ్గించే మార్గాలు

లేజరు శక్తి, వేగం, గీతల ఎడం సరిగా కుదర్చడం మొదటి మెట్టు. ఒక పొరలో గీసిన గీతల దిశను తరువాతి పొరలో మారుస్తారు. చాలా యంత్రాలలో ప్రతి పొరకు 67 డిగ్రీల చొప్పున తిప్పుతారు. ఆ కోణంలో తిప్పితే అవే గీతలు మళ్ళీ ఒకదానిపై ఒకటి పడటానికి చాలా పొరలు పడుతుంది, దోషాలు ఒకే వరుసలో పేరుకోవు.

ముద్రించిన తరువాత వేడి చికిత్స చేసి బిగువు వదిలిస్తారు. కొన్ని మిశ్రమాలలో తగినంత వేడి చేస్తే స్తంభాకార రేణువులు పోయి గుండ్రని కొత్త రేణువులు వస్తాయి. మరింత కీలకమైన భాగాలను హిప్ అనే చికిత్సకు పంపుతారు. మూసిన కొలిమిలో వేడితోపాటు అన్ని వైపుల నుంచి వాయు ఒత్తిడి పెట్టి లోపలి సందులను నొక్కి మూసివేయడం ఇందులోని కిటుకు. టైటానియం మిశ్రమానికి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ పైన, 100 మెగాపాస్కళ్ళ ఒత్తిడిలో కొన్ని గంటలు ఉంచుతారు. అయితే ఉపరితలానికి తెరుచుకొన్న సందులను హిప్ మూయలేదు, గరుకుదనాన్ని పోగొట్టలేదు. కీలకమైన ముఖాలను చెక్కి నునుపు చేయడం తప్పదు.

తెలుగు నేలపై, ఇరుగుపొరుగున

ఈ శాస్త్రం దూరదేశాల సంగతి కాదు. ఇస్రో తన పీఎస్ఎల్‌వీ రాకెట్టు నాలుగవ దశలోని పీఎస్4 ఇంజనును లేజరు ముద్రణ పద్ధతిలో తిరిగి రూపొందించి, 2024 మే 9న 665 సెకన్ల పాటు మండించి పరీక్షించింది. పూర్వం 14 భాగాలుగా చేసి అతికే ఆ ఇంజను ఒకే ముక్కగా తయారైంది. 19 వెల్డింగ్ అతుకులు తప్పాయి. పాత పద్ధతిలో 565 కిలోల లోహం కావలసిన చోట 13.7 కిలోల చూర్ణం సరిపోయిందని ఇస్రో ప్రకటించింది. ఆ ఇంజనును ముద్రించినది హోసూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు చెందిన విప్రో త్రీడీ సంస్థ. పరీక్ష జరిగింది తమిళనాడులోని మహేంద్రగిరి కేంద్రంలో.

హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ ముద్రణ పద్ధతిలో చేసిన ధవన్-1 క్రయోజెనిక్ ఇంజనును 2021 నవంబరులో పరీక్షించింది. ఆ సంస్థ విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరింది. చెన్నైకి చెందిన అగ్నికుల్ సంస్థ ఒకే ముక్కగా ముద్రించిన ఇంజనుతో 2024 మే 30న అదే శ్రీహరికోట నుంచి తన రాకెట్టును ఎగురవేసింది. లోహ ముద్రణపై పరిశోధన చేసే సంస్థలలో హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో సంకలన తయారీకి జాతీయ వ్యూహాన్ని ప్రకటించింది.

వెల్డింగ్ అతుకులు 19 తగ్గాయన్నది సంతోషించదగిన మాటే. అయితే ఆ అతుకుల స్థానంలో వేల పొరల అతుకులు వచ్చాయని మరువరాదు. వెల్డింగ్ అతుకు కంటికి కనబడుతుంది, దానిని పరీక్షించే పద్ధతులు పాతవి, అలవాటైనవి. పొరల అతుకు భాగం అంతటా వ్యాపించి ఉంటుంది. అందుకే దానిని పరీక్షించే బాధ్యత కూడా అంతటా వ్యాపించింది.

హోసూరు యువతకు దీనితో ఏం పని?

2004లో ధర్మపురి నుంచి వేరుపడిన కృష్ణగిరి జిల్లాలో హోసూరు మోటారు వాహనాలకు, గడియారాలకు, యంత్ర భాగాలకు పేరుపొందిన కేంద్రం. తమిళనాడు రక్షణ పరిశ్రమల కారిడారులోని 5 కేంద్రాలలో చెన్నై, కోయంబత్తూరు, సేలం, తిరుచ్చిలతోపాటు హోసూరు కూడా ఉంది. విమాన, రక్షణ భాగాల పని పెరిగే కొద్దీ ముద్రించిన లోహ భాగాలు ఇక్కడి చిన్న వర్క్‌షాపులకు కూడా చెక్కడానికి, తుడవడానికి, కొలవడానికి వస్తాయి. తెలుగు, కన్నడ, తమిళ మాధ్యమాలలో చదివి ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో చేరే సరిహద్దు పల్లెల పిల్లలే రేపు ఆ భాగాలను చేతిలోకి తీసుకొనేది.

అటువంటి భాగం చేతికి వచ్చినపుడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. డ్రాయింగుపై నిర్మాణ దిశ బాణం గుర్తు ఉన్నదా? పనిలో పెద్ద లాగుడు ఏ దిశలో పడుతుంది? బలం ధ్రువపత్రంలో రాసిన అంకె ఏ దిశ నమూనాది? ఆ నమూనాలను ఈ భాగంతోపాటు అదే ప్లేటుపై ముద్రించారా, లేక ఎప్పుడో చేసిన పరీక్ష అంకెనే తిరిగి రాశారా? జడ్ దిశ నమూనా ఉన్నదా? వేడి చికిత్స, హిప్ చేశారా, నమూనాకు కూడా అదే చికిత్స జరిగిందా? కీలకమైన ముఖం చెక్కినదా, ముద్రించినది ముద్రించినట్లే వదిలినదా?

ఈ ప్రశ్నలకు జవాబు భాగాన్ని చూసి చెప్పడం సాధ్యం కాదు. చెక్కి నునుపు చేసిన తరువాత పొరల చారలు మాయమవుతాయి. బరువు, రంగు, రసాయన కూర్పు, కొలతలు రెండు భాగాలకూ ఒకటే. ముక్క కోసి, మెరుగు పెట్టి, ఆమ్లం పూసి సూక్ష్మదర్శిని కింద పెడితే తప్ప అది నిలబడి పెరిగిందో, పడుకొని పెరిగిందో తేలదు. అలా కోసిన భాగం ఇక వాడుకకు పనికిరాదు. కాబట్టి ముద్రించిన రోజున రాసిన కాగితమే ఆ భాగం దిశకు సాక్ష్యం. దిశ రాయని బలం ధ్రువపత్రం సగం ధ్రువపత్రం కిందనే లెక్క. ఆ మిగిలిన సగాన్ని అడిగి రాయించుకోవడం ఆ భాగాన్ని తనిఖీ చేసేవారి విధి.